రత్న ఎవులు?

జనవరి 19, సోమవారం

ఫోన్లో రాసుకున్నదేదీ మనది కాదని కృష్ణంరాజు సార్ మూడేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారు. అందుకే ఇది కాగితం మీద. సెకండియర్ ల్యాబ్ రికార్డులో వెనక మిగిలిపోయిన తెల్ల పేజీలివి. దాచడానికి బియ్యం డబ్బా వెనక చోటుంది. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నిజానికి అది కూడా అక్కర్లేదు.

నన్ను తీసుకున్నారు. కాలేజీ మొత్తం మీద ఆరుగురు, అందులో నేను. ఫిబ్రవరి 21న ప్రయాణం, సింగపూర్‌లో ఎనిమిది రోజులు. అక్కడి పాలిటెక్నిక్‌లో సైబర్ సెక్యూరిటీ క్లాసులు, ల్యాబులు, ఓడరేవు కంప్యూటర్లను దొంగల నుంచి ఎలా కాపాడుకుంటారో చూపించడం. ఖర్చంతా కాలేజీదే. పాస్‌వర్డుల మీద పది నిమిషాల ప్రెజెంటేషన్ ఇవ్వాల్సింది నేను. టీమ్ లీడర్‌ని కూడా నేనే. ఈ చివరి వాక్యం రెండోసారి రాయాలనిపిస్తోంది. టీమ్ లీడర్‌ని నేనే.

సార్ మూడు షరతులు పెట్టారు. టూర్ సంగతి వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ఎక్కడా పెట్టకూడదు. అనుమానం ఉన్న లింకు పొరపాటున నొక్కితే ఒక్క రోజు లోపల ఆయనకు చెప్పాలి. నొక్కితే ఏమీ అనరట, దాస్తే మాత్రం జాబితాలోంచి పేరు కొట్టేస్తారట. మూడోది, ఇంట్లోవాళ్ళతో ఒక కోడ్ మాట అనుకోవాలి. మనుషుల గొంతును కంప్యూటర్‌తో కాపీ కొట్టి, మీ అమ్మాయి పోలీసులకు దొరికిపోయిందని ఇంటికి ఫోన్ చేసే ముఠాలు ఉన్నాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే దొంగ.

అమ్మకి చెబితే, "సింగపూరా? మన పోర్టు కాడ్నించి ఓడలెల్తాయి, ఆ సింగపూరేనా?" అంది. అదేనన్నాను. "మరైతే దగ్గిరే" అంది. నాన్న బోటు మీద ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఇంకో మూడు వారాల పైనే.

బ్యాడ్జి మీద పేరు ఎలా ఉండాలని ఒక కాగితం ఇచ్చారు. రత్న అని రాశాను. పాస్‌పోర్టులో మైలపల్లి నూకరత్నం అని ఉంది గానీ కాలేజీలో రెండేళ్ళుగా నేను రత్ననే. ఇంట్లో ఈ సంగతి తెలియదు. దాచానని కాదు, ఎవరూ అడగలేదు.

జనవరి 20

సెలక్షన్ లెటర్ స్టేటస్‌లో పెట్టాను. కాసేపే. సాయంత్రం తీసేశాను కాబట్టి పెట్టనట్టే లెక్క.

జనవరి 22, గురువారం

ఈ రోజు వీసా పని కూడా అయిపోయింది. కాలేజీ బొమ్మతో వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, టూర్ విద్యార్థులకు వీసా ఇంటర్వ్యూ ప్రాక్టీస్ అని. లింకు నొక్కితే ఫారం. పేరు, పుట్టిన తేదీ, తల్లి ఫోన్ నంబరు, తండ్రి ఫోన్ నంబరు. ఆఖర్న రెండు నిమిషాలు తెలుగులో, రెండు నిమిషాలు ఇంగ్లీషులో నా గురించి నేను మాట్లాడి రికార్డు చేసి పంపాలి.

ఇంగ్లీషు ఒక్కసారికే అయింది. తెలుగే ఏడుసార్లు పట్టింది. నమస్కారం, నేను రత్నని, నేను విశాఖపట్నం నుంచి వస్తున్నాను, నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట 'నేను' బదులు మా పేట 'నాను' దూరిపోయేది. ఆరోసారి అంతా బాగా వచ్చి, చివరి వాక్యంలో, 'నాను చాలా సంతోషిస్తన్నాను' అనేశాను.

ఫస్టియర్ సెమినార్‌లో ఈ మాటే అన్నాను. వెనక బెంచీ నుంచి ఎవడో 'ఎవరా నాను?' అన్నాడు, క్లాసంతా నవ్వింది. సెమినార్ దేని మీదో ఇప్పుడు నాకే గుర్తు లేదు, ఆ నవ్వు మాత్రం గుర్తుంది. అప్పట్నుంచీ కాలేజీ గేటు లోపల నేను, జాలరిపేట మలుపు తిరగ్గానే నాను. చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్ళినంత అలవాటైపోయింది. బాధేమీ లేదు.

ఏడోసారి రికార్డు శుభ్రంగా వచ్చింది. విని చూసుకున్నాను. రేడియోలో అమ్మాయిలా ఉంది. పంపేశాను.

జనవరి 25, ఆదివారం

ముప్ఫై ఒకటిన తల్లిదండ్రుల మీటింగ్ అట. అమ్మకి కోడ్ మాట సంగతి ఇంకా చెప్పలేదు. ఆమెది బటన్ ఫోను, దాన్ని కూడా తట్టలో పీతల పక్కన పడేస్తుంది. ఆమె జోలికి ఏ దొంగ వస్తాడు.

జనవరి 27, మంగళవారం

క్లాసులో గజాలా లేచి నిలబడి, సార్, నాకొక అనుమానం మెసేజ్ వచ్చింది అని ఫోన్ చూపించింది. గజాలాది పాతవూరు, నా పక్క సీటు, టూర్‌కి కూడా వస్తోంది. నేను చూడకముందే నాకు తెలిసిపోయింది అది ఏ మెసేజో.

సార్ దాన్ని బోర్డు మీద అందరికీ చూపించారు. సింగపూర్ వీసాకి మనవాళ్ళకి ఇంటర్వ్యూనే ఉండదని, ఉండని ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ ఏమిటని నవ్వారు. గొంతు కోసం వల వేశారు, చూశారా, తల్లిదండ్రుల నంబరు ఎందుకడిగారో ఆలోచించండి అన్నారు. నువ్వు నొక్కలేదు కదా అని గజాలాని అడిగారు. లేదంది. తరవాత మా అందరి వంకా చూసి, ఇంకెవరికైనా వచ్చిందా అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబగబా తల అడ్డంగా ఊపాను. నన్ను ప్రత్యేకంగా ఎవరూ అడగలేదు కూడా.

జనవరి 28

నాకు వచ్చింది వేరే లింకు అయి ఉండొచ్చు. దాంట్లో కాలేజీ బొమ్మ ఇంకాస్త పెద్దగా ఉన్నట్టు గుర్తు.

జనవరి 29

వేరే లింకు కాదు. మెసేజ్ మళ్ళీ తీసి చూశాను. ఒక్క రోజు లోపల చెప్పాలన్న గడువు ఎలాగూ దాటిపోయింది. ఇప్పుడు చెబితే నొక్కినందుకు కాదు, దాచినందుకు పేరు కొట్టేస్తారు. చెప్పకపోతే ఏమీ జరగకపోవచ్చు. లక్ష మందికి పంపి ఉంటారు, లక్ష మందిలో నేనెంత.

ఈ మధ్యాహ్నం జూనియర్లకి క్లాసు తీసుకున్నాను, తెలియని లింకులు నొక్కకండి అని. చెప్పేవి శ్రీరంగ నీతులు.

జనవరి 31, శనివారం

మీటింగ్ అయింది. గజాలా వాళ్ళమ్మ రజియా గారు వచ్చారు, మిగతా నలుగురి ఇళ్ళ నుంచీ వచ్చారు. మా ఇంట్లోంచి ఎవరూ రాలేదు. అమ్మకి నిన్నే చెప్పాను, రానక్కర్లేదమ్మా, అక్కడంతా ఇంగ్లీషే, నీకు బేరం పోతుంది అని. బేరం నిజంగానే పోతుంది. శనివారం చేపలు బాగా అమ్ముడవుతాయి కదా. సరేనంది.

కోడ్ మాటలు కవర్లలో పెట్టి ఇమ్మన్నారు. ఖాళీ కాగితం మడిచి ఇచ్చాను. వచ్చేవారం మారుస్తాను.

ఫిబ్రవరి 2

ఏమీ జరగలేదు. తొమ్మిది కిలోలు పట్టే సూట్‌కేసు కొనమన్నారు.

ఫిబ్రవరి 4, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ తట్ట కడుగుతోంది. పొద్దున్నే హార్బర్‌లో వేలం పాడుకుని, పాతవూరు వీధుల్లో అమ్ముకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఎప్పుడూ ఆ వేళకి పాటో తిట్టో ఏదో ఒకటి నోట్లో ఉంటుంది. ఈ రోజు ఏమీ లేదు. కాసేపటికి తనే అంది.

"ఓలే నూకీ, మీ కాలేజీలో రత్నని ఎవులైనా ఉన్నారేటే?"

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు. తాగలేదు, కింద పెట్టలేదు. ఎందుకమ్మా అన్నాను.

పొద్దున పదింటికి ఫోనొచ్చిందట. ఒక ఆడపిల్ల ఏడుస్తోందట. అమ్మా, నేను రత్నని, నన్ను పోలీసులు పట్టుకున్నారు, ఈ సార్ చెప్పినట్టు చెయ్యి, ఎవరికీ చెప్పకు అని. తరవాత ఒక మగాడు ఫోన్ తీసుకుని, నీ దగ్గర ఫోన్ పే ఉందా, ఎవరి చేతైనా డబ్బు వేయించు అన్నాడట.

"గొంతు అచ్చం నీదేనే. ఇనగానే తట్ట దించేసి అరుగు మీద కూకున్నాను. ఆ పిల్ల మళ్ళీ నేను, నేను అంతంది. నా గుంట నూకి నాను అంటాది గదా అనుకున్నాను. పేరు కూడా రత్నంట. అప్పుడు పేనం కుదుటపడింది. ఎవులి పిల్లో పాపం, నంబరు తప్పు కొట్టేసింది."

మరి నువ్వేమన్నావు అని అడిగాను.

"ఏటంతాను. బాబూ, నువ్వు తప్పు నంబరు కొట్టినావు, నాను ఆ పిల్ల తల్లిని కాను, తల్లి నంబరు సరిగ్గా కనుక్కో, గుంట భయపడిపోతంది అన్నాను. పెట్టేసినాడు. మళ్ళీ రెండుసార్లు కొట్టినాడు. నాను ఎత్తనేదు. పొద్దుటేల్నించీ అదే మనసులో ఉంది. ఆ తల్లికి తెలిసిందో నేదో."

పొద్దుటేళ నుంచీ అమ్మ ఊరూపేరూ తెలియని ఆ రత్న గురించి బాధపడుతూ చేపలు అమ్మిందన్నమాట. దొంగ ఫోన్ అన్న ఆలోచనే ఆమెకి రాలేదు. ఒక పిల్ల ఆపదలో ఉందనీ ఆ ఫోన్ తనకు రావలసింది కాదనీ మాత్రమే అనుకుంది. నేను ఆ సమయంలో ల్యాబ్‌లో ఉన్నాను, ఫోన్ బయట బీరువాలో. అమ్మ గనక ఆ మాట నమ్మి నాకు చేసుంటే ఎత్తేదాన్ని కాదు. ఎత్తకపోతే ఆమె ఆ వీధిలో ఎవరి కాళ్ళో పట్టుకుని వాడడిగింది పంపేది.

తేలు కుట్టిన దొంగలా ఇంకెంతసేపు కూర్చోను. "రత్నంటే నానేనమ్మా" అన్నాను.

అమ్మకి అర్థం కాలేదు. కాలేజీలో నా పేరు రత్న అని చెప్పాను. ఫారం గురించి చెప్పాను, ఏడుసార్లు నాను తీసేసి నేను పెట్టుకుని రికార్డు చేసిన సంగతి చెప్పాను, నీ నంబరు వాళ్ళకి రాసిచ్చింది కూడా నానేనని చెప్పాను. చెబుతూ ఉంటే ఏడుపొచ్చేసింది.

అమ్మ తట్ట బోర్లించి గోడకి ఆనించింది. చేతులు కడుక్కుంది. నూకాలమ్మకి మొక్కుకుంటే పుట్టానని పెట్టిన పేరు నాది. ఆఖరికి నా వంక చూడకుండానే అంది.

"నూకలు మాకొదిలేసి రత్నం నువ్వు అట్టుకుపోనావేటే."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి, తిను అంది. తిన్నాను.

ఫిబ్రవరి 5, గురువారం

సార్‌కి చెప్పేశాను. పొద్దున్నే, ఎవరూ రాకముందే.

స్టేటస్ పెట్టిన దగ్గర్నుంచి ఖాళీ కవరు దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ముందు సైబర్ క్రైమ్ వాళ్ళకి ఫిర్యాదు రాయించారు, అమ్మ నంబరుకి వచ్చిన కాల్ వివరాలన్నీ పెట్టించారు. తరవాత క్యాలెండర్ దగ్గరికెళ్ళి వేలితో లెక్కపెట్టారు. నేను క్లాసులో తల ఊపిన రోజు నుంచి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

రూలు నీకు తెలుసు కదమ్మా అన్నారు. తెలుసన్నాను. ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి, రేపు మీ అమ్మగారిని తీసుకురా అన్నారు.

గజాలాకి కూడా చెప్పాను. అది వింటూనే, నాకు వచ్చిన లింకు నేనూ నొక్కేదాన్నే, గొంతు రికార్డు చెయ్యాలని మెసేజ్‌లోనే ఉంది కదా, నా గొంతు నాకే నచ్చదు కాబట్టి మానేశాను అంది. మూడు రోజులు తాత్సారం చేసి ఆ తరవాత అనుమానం వచ్చిందట. నన్ను ఓదార్చడానికి అల్లిందో, నిజమో తెలియదు. నవ్వొచ్చింది.

టూర్ పోయినట్టే. అయినా ఈ రోజు ఒంట్లో బరువు దిగినట్టుంది. తొమ్మిది రోజుల తరవాత ఆకలి వేసి అన్నం తిన్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

అమ్మ హార్బర్ నుంచే నేరుగా కాలేజీకి వచ్చింది. ఇంటికెళ్ళి చీర మార్చుకుని రా అనలేదు నేను. అనాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. తట్టని వాచ్‌మన్ కోటి దగ్గర పెట్టి, సేపలు సూత్తుండు బాబూ, పిల్లొచ్చేత్తాది అని చెప్పి లోపలికి నడిచింది. పిల్లంటే పిల్లి. కోటి నిజంగానే కర్ర పట్టుకుని కాపలా కాశాడు.

సార్ కూర్చోమంటే కూర్చోలేదు. కుర్చీకి వాసనవుతాదంది. సార్ లేచి నిలబడ్డారు, మీరు కూర్చుంటే గానీ నేనూ కూర్చోనమ్మా అని. అప్పుడు అంచు మీద కూర్చుంది. ఫోన్లో ఏం జరిగిందో చెప్పమన్నారు. అమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. గొంతు మీ అమ్మాయిదే కదా, మీకు కొంచెం కూడా అనుమానం రాలేదా అని ఆయన రెట్టించారు.

"గొంతుదేటుంది బాబూ. జలుబు సేత్తే మారిపోద్ది. మాట మారదు గదా. నా గుంట పుట్టిన కాడ్నించీ నాను అంటాది. ఆ పిల్ల నేను అంది."

సార్ నా వంక చూశారు. నేను కాలేజీలో నాను అనగా ఆయన ఎప్పుడూ వినలేదు. ఆయన చాలాసేపు బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించి, కంప్యూటర్ దొంగలకి మీ ఇంటి మాట దొరకలేదన్నమాట అన్నారు. తరవాత, తప్పు మీ అమ్మాయి చేసిందమ్మా, నొక్కడం కాదు, దాచడం అన్నారు.

"దాసింది బాబూ. నాకాడా దాసింది, మీకాడా దాసింది. దాసినాక ఎవులూ అడక్కుండా తనే సెప్పింది. నాకు సెప్పినాక తెల్లారగానే మీకు సెప్పింది. అంతకి మించి నాకు తెల్దు. పంపినా సరే, మానిపించినా సరే. గుంటని తిట్టీకండి."

సోమవారం చెబుతానన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ వైపు చూస్తూ మామూలుగా అంది, రజియా తన దగ్గరే చేపలు కొంటుందని. పోయిన శనివారం మీటింగు నుంచి వస్తూ వంజరం కొని, మీ అమ్మాయి లీడరంట గదా, నువ్వెందుకు రాలేదు జోగమ్మా అని అడిగిందట. అక్కడ మాట్లాడింది అంతా తెలుగేనట.

"మరి నాకు చెప్పలేదేటమ్మా" అన్నాను.

"నువ్వు రావద్దన్నావు గదా" అంది. అంతే అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మీటింగు అబద్ధం తనకి తెలిసీ అమ్మ నాకు వారం పాటు అన్నం పెట్టింది. బస్సులోనే ఆమె చెయ్యి పట్టుకున్నాను. పొలుసు అంటుకుని ఉంది. వదల్లేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

వెళ్తున్నాను. సింగపూర్ వెళ్తున్నాను.

సార్ అందరి ముందూ చెప్పారు. ఎవరూ పట్టుకోకముందే నా అంతట నేనే చెప్పాను కాబట్టి పేరు కొట్టడం లేదట. టీమ్ లీడర్ ఇకనుంచి గజాలా. పాస్‌వర్డుల ప్రెజెంటేషన్ కూడా గజాలాదే. నేను అక్కడ మాట్లాడాల్సింది నా తొమ్మిది రోజుల గురించి. లింకు ఎందుకు నొక్కాను, ఎందుకు దాచాను, దాస్తూ నాకు నేను ఏమేం చెప్పుకున్నాను. సాకులన్నీ చెప్పాలట, ఒక్కటీ వదలకుండా. తాళాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారమ్మా, తలుపు తానే తీశానని చెప్పేవాళ్ళు దొరకరు అన్నారు.

లీడర్ పోయినందుకు బాధ ఉంది. లేదని రాస్తే మళ్ళీ మొదటికొస్తాను. అయినా క్లాసు అయ్యాక మెట్ల మీద కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. గజాలా పక్కన కూర్చుని, లీడర్‌గా నా మొదటి ఆర్డరు, సమోసాలు తీసుకురా అంది. తెచ్చాను.

సాకులు ఏమేం చెప్పుకున్నానో గుర్తు చేసుకోవడానికి ఈ రికార్డే పనికొస్తుంది. చదువుతుంటే నా మీద నాకే కోపమూ నవ్వూ.

ఫిబ్రవరి 12

నాన్న బోటు వచ్చింది. జరిగిందంతా విని చాలాసేపు చుట్ట నలుపుతూ ఆలోచించాడు. సముద్రం మీద వైర్‌లెస్ సెట్లో అందరూ నానే, నానే అంటారట, అయినా ఎవడెవడో దగ్గుని బట్టి కనిపెట్టేస్తారట. "దగ్గు కూడా ఎత్తుకెల్తారేటే ఈళ్ళు?" అని అడిగాడు. ఎత్తుకెళ్ళొచ్చు నాన్నా అన్నాను. గాభరాపడి దగ్గు ఆపుకున్నాడు.

ఫిబ్రవరి 14, శనివారం

సార్ తల్లిదండ్రులకి ఇంకో మీటింగ్ పెట్టారు. ఈసారి అమ్మ వచ్చింది, నేనే పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె ఫోన్ కథ చెప్పమంటే లేచి చెప్పింది. దొంగకి తప్పు నంబరు అని బుద్ధి చెప్పిన చోట అందరూ నవ్వారు, ముందు వరసలో రజియా గారు గట్టిగా. తరవాత నా వంతు. మైకు పట్టుకున్నాను.

"నా పేరు నూకరత్నం. ఈవిడ మా అమ్మ జోగమ్మ. ఆ లింకు నొక్కింది నాను."

వెనక బెంచీలో ఎవరైనా నవ్వారేమో తెలియదు. వినలేదు.

కవరు మార్చాను. ఖాళీ కాగితం తీసేసి, అమ్మా నేనూ అనుకున్న కోడ్ మాట రాసి పెట్టాను. ఆ మాట ఏమిటో ఇక్కడ రాయను, రూలు. మాట చెప్పగానే అమ్మ, అదెందుకే, అది నాకు తెలిసిందే గదా అంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సూట్‌కేసు మూడుసార్లు తూచాం. అమ్మ ఎండు నెత్తళ్ళు నాలుగు కవర్లలో చుట్టి పెట్టింది. నేను తీశాను. మళ్ళీ పెట్టింది. విమానంలో ఒప్పుకోరమ్మా అంటే, సింగపూరోల్లు సేపలు తినరేటే అని నిలదీసింది. చివరికి రొయ్యల పచ్చడి చిన్న సీసా దగ్గర రాజీ కుదిరింది. అది కూడా గజాలా పెట్టెలో పెట్టించాను, లీడర్ కదా.

బ్యాడ్జీలు వచ్చాయి. సార్‌ని అడిగి పేరు మార్పించుకున్నాను. నూకరత్నం అని పెద్ద అక్షరాలతో రెండు వరసలు పట్టింది.

ఫిబ్రవరి 22, ఆదివారం, సింగపూర్

హాస్టల్ గది కిటికీ లోంచి ఓడలు కనిపిస్తున్నాయి, మన బీచ్ రోడ్డు మీంచి కనిపించినన్నే, ఇంకొన్ని ఎక్కువ. రాత్రి రాగానే నిద్రపోయాం. పొద్దున్నే సార్ అందరి చేతా ఇళ్ళకి ఫోన్లు చేయించారు. పరీక్ష అన్నమాట. ఇంట్లోవాళ్ళు కోడ్ మాట అడుగుతారో లేదో చూడాలి. గజాలా వాళ్ళ నాన్న కరీం బాషా గారు కోడ్ మాట అడగడం మరచిపోయి వానల గురించి అడిగారు. మార్కులు పోయాయని గజాలా గొణిగింది.

నా వంతు వచ్చింది. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. అమ్మ హార్బర్‌లో ఉంటుంది. ఫోన్ ఎత్తగానే వెనక వేలం కేకలు వినిపించాయి. స్పీకర్ పెట్టమన్నారు సార్. పెట్టాను.

"అమ్మా" అన్నాను.

"ఎవులు?" అంది. బాగా గట్టిగా, పోలీసులా.

"నాను."

సార్ పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటున్నారు. ఆయన చేతిలో నా కవరు ఉంది, ఇక దాన్ని తెరవనక్కర్లేదు.

"మరి రత్న రానేదేటి?" అంది అమ్మ.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "అదీ వొచ్చిందమ్మా. ఇక్కడే నా పక్కనే ఉంది" అన్నాను.

"అయితే ఇద్దురూ జాగర్తగా ఉండండి. ఆ పిల్ల లింకులు నొక్కుతాది, సూసుకో" అని ఫోన్ పెట్టేసింది. వంజరాల పాట మొదలైపోయినట్టుంది.